పోటు, పాటు, శివారు కాలువ: రేపల్లె తీరంలో యానాదుల సాంస్కృతిక భూదృశ్యం

కృష్ణా పశ్చిమ డెల్టా చరిత్ర రాసేవారు సాధారణంగా రెండు చోట్ల మొదలుపెడతారు. ఒకటి భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో బయటపడిన ధాతు కరండాలూ వాటి మీది బ్రాహ్మీ శాసనాలూ ఈ నేలకు రెండువేల ఏళ్ల పైబడిన వయసు ఇచ్చాయి. రెండోది నిజాంపట్నం. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ పెటపోలి పేరుతో అప్పుడు పిలిచిన ఈ రేవుకు వచ్చింది. స్తూపం ఉన్నచోటా ఓడ ఆగినచోటా చరిత్ర దొరుకుతుంది. ఇటుకా కాగితమూ వదలకుండా ఈ నేలను వాడుకున్నవారి సంగతి మాత్రం ఈ రెండు మొదళ్లలో దేనికీ అందదు. తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య పంటకాలువల గట్ల మీదా మురుగు కాలువల పక్కనా మడ అడవుల అంచునా బతుకుతున్న యానాదుల భూదృశ్యాన్ని ఎలా చదవాలన్నది ఈ వ్యాసం ప్రశ్న. నా వాదన ఇది: యానాదుల భూదృశ్యం స్థలాల మీద కంటే వేళల మీదా అనుమతుల మీదా నిలబడింది. అందుకే రెవెన్యూ పటం దాన్ని చూడలేకపోయింది, వారసత్వ కట్టడాల జాబితా చూడలేకపోయింది, సంరక్షణ కోసం గీసిన అడవి హద్దు కూడా సగమే చూసింది.

‘సాంస్కృతిక భూదృశ్యం’ అనే భావనను భూగోళశాస్త్రంలో స్థిరపరిచినవాడు కార్ల్ సావర్. ఆయన ప్రసిద్ధ వ్యాసం 1925 నాటిది. ప్రకృతి ముడిసరుకు, సంస్కృతి పనివాడు, భూదృశ్యం తయారైన వస్తువు అన్నది స్థూలంగా ఆయన దృష్టి. యునెస్కో 1992లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో ఒక వర్గంగా చేర్చుకుంది. సావర్ చూపుతో తెనాలిని చదవడం సులువు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. తెనాలి పట్టణం మధ్య నుంచి పారే మూడు కాలువలు, వాటి కింద చదరంగా పరుచుకున్న మాగాణి, అందులోంచి రేపల్లెకు వెళ్లే రైలు దారి, అన్నీ మనిషి చేసినవే, కంటికి కనిపించేవే. చిక్కంతా నేల రూపాన్ని మార్చకుండా వాడుకున్నవారితో వస్తుంది.

ఆ చిక్కును గట్టిగా ఎదుర్కొన్నది ఆర్కిటిక్ పరిశోధన. కెనడా ఉత్తరాన ఇనూయిట్లు దున్నలేదు, కంచె వేయలేదు, పెద్ద ఊళ్లు కట్టలేదు. మంచు మీద జాడ ఎండాకాలానికి ఉండదు. వాళ్ల భూమి ఏదో చూపమని ప్రభుత్వం అడిగినప్పుడు చూపడానికి కట్టడాలు పెద్దగా లేవు. 1970లలో మిల్టన్ ఫ్రీమన్ నాయకత్వాన జరిగిన ఇనూయిట్ భూవినియోగ అధ్యయనం దీనికి ఒక దారి చూపింది. వేటగాళ్ల ముందు పటం పరిచి, ఎవరికి వారు తమ జీవితకాలంలో ఎక్కడ సీల్‌ను వేటాడారో, ఎక్కడ చేపలు పట్టారో, ఏ దారిన వెళ్లారో గీయమన్నారు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చితే ఖాళీ అనుకున్న మంచు మైదానం కిక్కిరిసిపోయింది. 1976లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆ పటాలు భూమి హక్కుల చర్చలకు ఆధారమయ్యాయి. 1993లో ఒప్పందం కుదిరింది, 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడింది. గ్రీన్‌లాండ్‌లో ఇనూయిట్ల వేటదారి ఆసివిస్సూట్–నిపిసాట్ 2018లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. అక్కడ గుర్తింపు దక్కింది సముద్రం నుంచి లోపలి మంచు దాకా ఏడాదికోసారి సాగే రాకపోకలకు.

మంచుకూ మడకూ పోలిక వెతకడం నా ఉద్దేశం కాదు. తీసుకోదగింది వాళ్ల పద్ధతి.

ఇక యానాదులు. షెడ్యూల్డ్ తెగల్లో పెద్దవాటిలో ఒకటైన ఈ సమూహం 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు లక్షలు దాటింది. ఎక్కువమంది నెల్లూరు వైపు ఉన్నారు, అక్కడి నుంచి తీరం వెంట కృష్ణ దాకా పరుచుకున్నారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లోనూ, యానాదుల కోసం దశాబ్దాలు పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య 1962 నాటి పుస్తకంలోనూ వారి జీవితం వివరంగానే ఉంది. అయితే ఈ సాహిత్యం ఎక్కువగా శ్రీహరికోట అడవి, నెల్లూరు మెట్ట చుట్టూ తిరిగింది. డెల్టా యానాది అందులో అడవిని పోగొట్టుకుని కూలికి చేరినవాడిలా కనిపిస్తాడు. నాకు ఇది సరైన చిత్రం అనిపించదు. మాగాణి అతనికి అడవి తర్వాత దొరికిన ఆశ్రయం మాత్రమే కాదు. వరిచేను కింద అతను చదివే ఇంకో చేను ఉంది.

ఎలుకల సంగతే చూడండి. రైతుకు గట్టు నీటిని ఆపేది, హద్దు చెప్పేది. యానాదికి ఆ గట్టు ఎలుకల ఊరు. బొరియ నోట కొత్తమట్టి ఉందా, పాతదా, ఇంకో ద్వారం ఎటు తేలుతుంది, లోపల గింజ దాచిన గది ఎంత దూరం అన్నది తవ్వకముందే అంచనా కట్టాలి. మట్టికుండలో గడ్డి రగిల్చి బొరియలోకి పొగ ఊదుతారు, మిగతా నోళ్లు మూస్తారు, గడ్డపారతో తవ్వుతారు. దొరికిన ఎలుక కూర అవుతుంది. ఎలుక దాచుకున్న వెన్నులు దులిపితే తిండిగింజలు వస్తాయి. చేను కాపాడినందుకు రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఒకే గట్టు మీద మూడు రాబడులు. తాటాకు, వెదురు బద్దలతో చేసిన బోనులు పెట్టడం దీనికి తోడు. ఈ వ్యవహారమంతా రైతు రమ్మంటేనే సాగుతుంది, భూమి మీద ఏ పత్రమూ దీన్ని చెప్పదు.

పంటల క్యాలెండరు మారితే ఈ భూదృశ్యమూ మారుతుంది. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204, జనం నోట సాంబ మసూరి, సుమారు ఐదు నెలల పంట. అది చేలో నిలిచినంతకాలం ఎలుకకు తిండి, యానాదికి పని. కోతకు కాస్త ముందు చేలోనే మినుము చల్లే పాత అలవాటుకు ఇటీవలి దశాబ్దాల్లో దున్నకుండా వేసే మొక్కజొన్న పోటీ వచ్చింది. కోత మిషన్లు వచ్చాక పనల్లో, కుప్పల దగ్గర పరిగె ఏరుకోవడం తగ్గింది. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ విషపు ఎర. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ కలిపిన నూకలు గట్ల వెంట పెట్టినచోట ఎలుకను తినడానికి వీల్లేదు. ఒక్క పొట్లం కూలినీ కూరనూ కలిపి తీసుకుపోతుంది. వ్యవసాయశాఖ లెక్కలో అది పంట రక్షణ. ఆ లెక్కకు రెండో వైపు రాసే గడి ఎక్కడా లేదు.

శివారు ఆయకట్టుకు వస్తే నీళ్లే మారిపోతాయి. పైనుంచి వచ్చే కాలువ నీరు రేపల్లె దాటాక సన్నబడుతుంది. పొలాల మురుగు డ్రెయిన్లలో చేరి సముద్రం వైపు వెళ్తుంది, సముద్రం పోటు మీద ఎదురొస్తుంది. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన నీటికి అడ్డుకట్ట వేసి, తోడి, కొరమీను, మట్టగిడస, జెల్ల చేతులతోనే పడతారు. పడవలూ పెద్ద వలలూ ఉన్న మత్స్యకార కులాలవారు సముద్రానికీ పెద్ద పాయలకీ పోతారు. యానాదులకు మిగిలింది మోకాలి లోతు నీళ్లు. ఆ లోతులో వాళ్లకు సాటి లేరు.

అడవులదీవి, లంకెవానిదిబ్బ వైపు మడ అడవుల్లో రోజు రెండుగా కాదు, నాలుగుగా విడిపోతుంది: రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు రోజూ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతుంది కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. అమావాస్యకూ పున్నమికీ నీరు లోపలిదాకా ఎక్కుతుంది, అష్టమి నవముల్లో మందగిస్తుంది. పాటు తీసినప్పుడు బురదలో పీత బొరియలు బయటపడతాయి. పొడుగాటి ఇనపకొక్కెం దూర్చి, పీత పట్టుకున్న బరువును బట్టి లాగాలి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం, కాబట్టి ఏ పొద కింద వంగాలో తెలియాలి. తెల్లమడ ఊపిరివేళ్లు పైకి పొడుచుకొచ్చిన నేలలో కాలు ఎక్కడ వేయాలో తెలియాలి. ఈ తెలివి ఎక్కడ నిల్వ ఉంటుంది? కాళ్లలోనూ వేళ్లలోనూ, పిల్లల్ని వెంటబెట్టుకెళ్లిన దారుల్లోనూ. ఇనూయిట్ వేటగాళ్ల చేత పటం గీయించినవారు బయటకు తీసింది ఇలాంటి తెలివినే.

రాజ్యం ఈ సంచారాన్ని ఎలా చూసిందో తెలియాలంటే బాపట్ల నుంచి చీరాల వైపు కొద్ది దూరం వెళితే చాలు. స్టూవర్టుపురం ఎరుకలవారి కోసం 1910లలో పెట్టిన సెటిల్‌మెంటు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. నేరస్థ తెగల చట్టం కింద హాజరు పలకాలి, కదలాలంటే చీటీ కావాలి. ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ, బుట్టలు అల్లుతూ, ఎరుక చెబుతూ ఊరూరా తిరిగిన జనానికి ఒక ఊరిచ్చి దారులన్నీ తీసేసుకున్నారు. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది, ఊరి పేరుకు అంటిన ముద్రను సినిమాలు ఇంకా అమ్ముకుంటూనే ఉన్నాయి. ఇక డెల్టా యానాదులు రాజ్యం లెక్కల్లో మరో రకంగా చేరారు. కాలువగట్టు మీది గుడిసె ఇరిగేషన్ లెక్కలో ఆక్రమణ, మడలోకి పోయేవాడు అటవీశాఖ లెక్కలో చొరబాటుదారు.

1990ల నుంచి రొయ్యల చెరువులు ఈ శివారును మళ్లీ గీశాయి. సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర ప్రాంత చెరువులపై కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005 చట్టం అనుమతుల వ్యవస్థతో వాటికి దారి తెరిచింది, 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చింది. చెరువు కట్టినచోట పోటుపాట్లు ఆగిపోతాయి. అందరిదిగా ఉన్న నీరు ఒకరి కట్ట లోపలికి పోతుంది. యానాది ఆ కట్ట మీదే కాపలాదారుగా తేలతాడు, తరచూ ముందుగా తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి. తన తండ్రి పీత పట్టిన నేలకు రాత్రిపూట టార్చిలైటు వేసి కాపు కాయడం అతని ఉద్యోగం. రష్యాలోని యమల్ ద్వీపకల్పంలో నెనెట్స్ పశుపాలకులు గ్యాస్ క్షేత్రాలూ పైపులైన్లూ దాటుకుంటూ రెయిన్‌డీర్ మందల్ని తోలుకెళ్తారు. అక్కడ దారి కోసం కంపెనీతో బేరమాడటానికి మంద ఉంది. ఇక్కడ బేరానికి చేతిలో ఏమీ లేదు.

చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం కాదు. అందులోని సెక్షన్ 3(1)(డి) నీటివనరుల్లోని చేపలు తదితరాల మీద సామూహిక హక్కునూ, సంచార సమూహాల రుతువారీ వినియోగాన్నీ పేర్కొంటుంది. నిబంధనలు పెద్దల వాంగ్మూలాన్ని రాసి సాక్ష్యంగా తీసుకోవచ్చంటాయి. కృష్ణా అభయారణ్యం పరిసరాల మడ అడవులకు ఇనూయిట్ తరహా పటాలు సరిగ్గా ఇక్కడ పనికొస్తాయి. ఒక్కొక్కరి జీవితకాలపు దారులు, పోటు వేళలతో సహా, ఒక దాని మీద ఒకటి పేర్చి గ్రామసభ ముందు పెట్టవచ్చు.

కానీ ఈ చట్టం అడవి హద్దు దగ్గర ఆగిపోతుంది. ఎలుక బొరియ ఉన్న గట్టు పట్టాభూమి, చేపలు పట్టే మురుగు కాలువ ప్రభుత్వ శాఖది. యానాదుల ఏడాదిలో పెద్ద భాగం గడిచేది వీటి మీదే. షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోవడంతో 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన ఇక్కడ వర్తించదు. నెల్లూరులోని యానాదుల సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఇల్లూ రుణమూ ఇవ్వగలదు, గట్టు మీద హక్కు ఇవ్వలేదు. మడను మాత్రమే చూపే పటం వల్ల ఒక సగానికి హక్కు వచ్చి మిగతా సగం ఎప్పటికీ లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది. అందుచేత తెనాలి కాలువల నుంచి నిజాంపట్నం మొగ దాకా, కార్తెల వారీగా, చట్టం గుర్తించే నేలా గుర్తించని నేలా కలిపే గీయాలన్నది నా అభిప్రాయం.

ఒక అభ్యంతరాన్ని మాత్రం తోసిపుచ్చలేను. పీతలు ఎక్కువగా దొరికే పాయలు ఏవో పటం మీద పెడితే, ముందుగా చదివేది చెరువుల లీజుదారులూ పీతల వ్యాపారులూ. కాబట్టి దావాకు వెలుపలి హద్దూ వాడుక రకమూ సరిపోతాయి, లోపలి దారుల పటం గీసినవారి దగ్గరే ఉండాలి. పరిశోధకుడు దాని నకలు తీసుకోవాలా వద్దా అన్నది వాళ్లు తేల్చాల్సిన విషయం, అదీ పని మొదలుపెట్టకముందే.