ఉబ్బసము, చిత్తోద్వేగముల మూలికలు: నామనిర్ణయము

గోదావరికి దక్షిణమున కరీంనగరు, ఉత్తరమున ఆదిలాబాదు గలవు. 2016వ సంవత్సరమున నీ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభజింపఁబడెను. అడవుల యోషధిసంపదకు మాత్ర మట్టి యెల్లలు లేవు. ఆదిలాబాదు సీమయందుఁ దెలుఁగు, మరాఠీ, గోండీ, కొలామీ భాషలు ప్రక్కప్రక్కనే వ్యవహారమున నున్నవి. కావున నొక మొక్కకుఁ బలుపేరులును, పలుమొక్కల కొకటే పేరును గలుగుట సహజము. ఈ నామసాంకర్యము నిఘంటుకారునకు వినోదము, రోగికిఁ బ్రాణసంకటము.

దగ్గునకును, ఉబ్బసమునకును బ్రసిద్ధమైనది అడ్డసరము. మరాఠీయందు దీనిని అడుళసా యందురు. అమరకోశము ద్వితీయకాండమునందలి వనౌషధివర్గమున దీనికి వైద్యమాత, సింహాస్యము, వాజిదంతకము మొదలగు పేరులు గలవు. వైద్యునకుఁ దల్లి యనుటచేతనే దీని ప్రతిష్ఠ తెల్లమగుచున్నది. 1888లో డేవిడ్ హూపరు దీని యాకులనుండి వాసిసీను అను ఆల్కలాయిడును వేఱుపఱచెను. కఫమును బలుచఁజేయు బ్రోమ్‌హెక్సీను దానినుండియే తరువాతఁ గల్పింపఁబడినది.

ఉమ్మెత్త చరిత్రము వేఱు. ఉన్మత్తశబ్దభవమగు నా పేరే ప్రమాదమును హెచ్చరించుచున్నది. ఉబ్బసరోగులు దీని పొగఁ బీల్చు పద్ధతి 1802లో జనరల్ జెంటు మూలమునఁ జెన్నపట్టణమునుండి బ్రిటనునకుఁ జేరెను. అచ్చటివారు హిందూదేశపు మొక్కకు బదులుగాఁ దమకు సులభమైన వేఱొక యుమ్మెత్తజాతిని వాడఁజొచ్చిరి. దీనియందలి అట్రోపీను శ్వాసనాళముల బిగువును సడలించును; మోతాదు మించినచో భ్రాంతిని, మరణమును గూడఁ గలిగించును. మొక్కమొక్కకును విషము పాలు మాఱుచుండును గనుక, నేఁటి వైద్యులు తత్సంబంధియగు ఇప్రాట్రోపియమును గొలఁది ప్రకారము పీల్పింతురు.

చిత్తోద్వేగమునకు వాడు మూలికలయందు సాంకర్యము మఱింత హెచ్చు. బ్రాహ్మి కొందఱకు సరస్వతియాకు, కొందఱకు నీరుబ్రాహ్మి. శంఖపుష్పి కొందఱకు విష్ణుక్రాంత, కొందఱకు దింటెన. ఈ నాలుగును వేర్వేఱు కుటుంబములకుఁ జెందినవి. పాతాళగంధి యనఁబడు సర్పగంధనుండి 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు రెసర్పీనును వేఱుపఱచిరి. అది రక్తపుపోటును దగ్గించి, చిత్తక్షోభ నణఁచెను; కొందఱియందు విషాదమును గలిగించినట్లును గనుఁగొనిరి. పెన్నేరు, అనఁగా అశ్వగంధ, ఉద్వేగమును దగ్గించునని కొన్ని చిన్న పరీక్షలయందుఁ దేలినది. అరుదుగాఁ గాలేయమునకుఁ గీడు చేసినట్లును నమోదైనది.

కావున మూలికల పట్టిక వ్రాయువారు పల్లెపేరును విడువరాదు. ఆ పేరు విన్న యూరు, భాష, మొక్కయందు వాడిన భాగము, మోతాదు, శాస్త్రనామము, భద్రపఱచిన కొమ్మ యను నివి కూడినపుడే పట్టిక ప్రమాణమగును. అంతవఱకు నిఘంటువుం జూచి తెచ్చిన యాకుతో ఉబ్బసమును మాన్పఁబూనుట సాహసము. ఊపిరాడనివేళ వైద్యశాలయే శరణ్యము. పేరుల నిర్ణయము పండితులది, గుణపరీక్ష వైద్యులది. మొదటిది తప్పినచో రెండవది వేఱొక మొక్కకుఁ జేసిన పరీక్షయే యగును.