77 మంది బాలింతల పట్టిక

అంటురోగం ఒకరి నుంచి మరొకరికి ఎట్లా సంక్రమిస్తుందో తెలియాలంటే రోగక్రిమిని సూక్ష్మదర్శినిలో చూచి తీరవలసిందే అనుకోవడం సహజం. కాని రోగాలకు సూక్ష్మజీవులు కారణమని నిరూపితం కావడానికి సుమారు 80 ఏళ్లకు ముందే, ఒక వైద్యుడు కేవలం కాగితం, కలం సహాయంతో ఒక అంటురోగం నడిచే దారిని కనిపెట్టాడు. అతడు స్కాట్లండులోని ఆబర్డీన్ పట్టణంలో వైద్యం చేసిన అలెగ్జాండర్ గోర్డన్ (1752–1799).

1789 డిసెంబరులో ఆ పట్టణంలో పురిటి జ్వరం తలయెత్తింది. దీనినే సూతికా జ్వరమని కూడా అంటారు. ప్రసవమైన కొద్ది దినాలకే బాలింతకు వణుకు, తీవ్రమైన జ్వరం, భరింపరాని కడుపునొప్పి వస్తాయి. సరియైన మందు లేని ఆ కాలంలో ఎందరో తల్లులు పసికందులను విడిచి కన్నుమూసేవారు. చెడుగాలి వల్ల ఈ జ్వరం వస్తుందని కొందరు వైద్యులు, తల్లిపాలు దారితప్పి శరీరంలో మరొకచోట చేరడం వల్ల వస్తుందని మరికొందరు నమ్మేవారు.

గోర్డన్ తాను చూచిన 77 మంది రోగులకు ఒక పట్టిక తయారుచేశాడు. ప్రతి రోగి పేరు, వయస్సు, నివాసం, జబ్బుపడిన తేదీ, బ్రతికినదా మరణించినదా అన్న వివరాలు అందులో వ్రాశాడు. మరణించినవారు 28 మంది. ఈ వివరాలతోపాటు అతడు ఇంకొక గడి చేర్చాడు. పురుడు పోసినది ఎవరు? రోగ రహస్యమంతా ఆ గడిలోనే దాగి ఉన్నది.

ఆ గడిలో కొందరు మంత్రసానుల పేర్లు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఊరి గాలి అందరికీ ఒకటే. గాలియే కారణమైతే జబ్బు తేడా లేకుండా అందరు బాలింతలకూ రావాలి. కాని అట్లా జరగలేదు. రోగిని చూచి వచ్చిన వైద్యుడో, మంత్రసానియో, దాదియో ముట్టుకున్న బాలింతలకే అది సోకుతున్నది. పురుడు పోయబోయే మంత్రసాని ఎవరో చెబితే చాలు, ఆ తల్లికి జ్వరం వస్తుందో రాదో గోర్డన్ ముందుగానే చెప్పగలిగేవాడు. అతడు చెప్పినది దాదాపు ప్రతిసారీ నిజమైంది. జరగబోయేదానిని సరిగా చెప్పగలగడమే ఏ సిద్ధాంతానికైనా గట్టి పరీక్ష కదా!

1795లో గోర్డన్ ఈ విషయాలన్నీ గ్రంథరూపంలో ప్రకటించాడు. రోగి బట్టలను, పక్కబట్టలను కాల్చివేయాలని, లేదా బాగా శుద్ధి చేయాలని చెప్పాడు. రోగిని తాకిన వైద్యులు, దాదులు ఒళ్లు శుభ్రంగా కడుగుకొని, తమ దుస్తులకు పొగ వేసిన తరువాతనే తిరిగి ధరించాలని సూచించాడు. అంతటితో ఆగక, అనేకమంది స్త్రీలకు ఈ రోగాన్ని మోసుకొనిపోయినవారిలో తానుకూడా ఒకడినని బాహాటంగా ఒప్పుకున్నాడు.

ఈ నిజాయితీకి మెప్పు రాలేదు. పట్టికలో మంత్రసానుల పేర్లు అచ్చుకావడంతో ఊరివారు అతనిపై ఆగ్రహించారు. ఆ మంత్రసానులు తెలిసి చేసిన అపచారమేమీ లేదు. చేతులతో రోగం వస్తుందని అప్పటివరకు వారికి చెప్పినవారెవరు? ఆ సంవత్సరమే నౌకాదళం నుంచి పిలుపు రాగా గోర్డన్ ఊరు విడిచాడు. 1799లో, 47 ఏళ్ల వయస్సులో, క్షయరోగంతో మరణించాడు.

గోర్డన్ చెప్పినవన్నీ ఒప్పులు కావు. జబ్బు మొదట్లోనే ఎక్కువగా రక్తం తీసివేస్తే రోగి కోలుకుంటుందని అతడు గట్టిగా నమ్మాడు. అది పొరపాటు. విచిత్రమేమంటే, తరువాతి వైద్యులలో కొందరు అతని గ్రంథం నుంచి ఈ పొరపాటునే ఆదరంతో స్వీకరించారు. చికిత్స చేయడం వైద్యునికి గౌరవం. తన చేతులే రోగవాహకాలని ఒప్పుకోవడం కష్టం.

అందుచేత ఆ సత్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పవలసివచ్చింది. 1843లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ గోర్డన్ గ్రంథాన్ని ఉదాహరిస్తూ ఇదే వాదాన్ని వినిపించాడు. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి మరణాలను ఎంతగానో తగ్గించాడు. వారికీ ఎదురైనది వ్యతిరేకతే. చివరకు 1879లో లూయీ పాస్చర్ ఈ జ్వరానికి కారణమైన, గొలుసులుగా కనిపించే సూక్ష్మజీవులను చూపించాడు. అవే స్ట్రెప్టోకాకస్ జాతి క్రిములు. చర్మం ఎర్రబడి వాచే విసర్పి రోగానికీ ఈ క్రిములే కారణం. ఆబర్డీన్‌లో ఈ రెండు రోగాలూ ఒకేసారి వ్యాపించడం చూచి, వాటికి చుట్టరికం ఉన్నదని గోర్డన్ ఏనాడో వ్రాసి ఉన్నాడు.

నేడు ఆసుపత్రిలో ఒక అంటురోగం తలచూపితే, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ జబ్బుపడ్డారో, వారిని తాకినది ఎవరో ముందుగా వ్రాసుకుంటారు. పేర్లు వ్రాయడం నేరం మోపడానికి కాదు, రోగం నడిచే దారిని మూయడానికి. ఈ తేడాను ఆనాటి ఆబర్డీన్ గ్రహించి ఉంటే, గోర్డన్ సూచించిన శుభ్రత మరెందరో తల్లులను కాపాడి ఉండేది.