సృజన ఆగిన ఏడాది

1966 నవంబర్‌లో వరంగల్ నుంచి ఒక త్రైమాసిక పత్రిక మొదలైంది. పేరు సృజన. ఆధునిక సాహిత్య వేదికగా తనను తాను పరిచయం చేసుకుంది. వెనక సాహితీ మిత్రులు అనే చిన్న బృందం, ముందు పెండ్యాల వరవరరావు. చిన్నపెండ్యాలలో పుట్టిన ఆ తెలుగు లెక్చరర్‌కు అప్పటికి 26 ఏళ్లు.

ఆ రోజుల్లో తెలుగు పత్రికలంటే మద్రాసు, విజయవాడ, హైదరాబాద్. ఓరుగల్లులో ఉన్నవాడు కథ రాస్తే కవరు మీద దూరపు ఊరి చిరునామా రాయాలి. సృజన వచ్చాక ఆ చిరునామా మారింది. దూరపు ఊళ్ల వాళ్లే హనుమకొండ దారి వెతుక్కున్నారు. నా దృష్టిలో సృజన చేసిన అతి పెద్ద పని ఇదే. 1970లో అది మాసపత్రిక అయింది. ఆ ఏడాదే విప్లవ రచయితల సంఘం పుట్టింది. అక్కణ్ణుంచి సృజన దారి కూడా అటే సాగింది.

దాని రాజకీయాలతో ఏకీభవించని పాఠకులున్నారు, ఉండాలి కూడా. కానీ అది పడ్డ బాధ వేరే లెక్క. ప్రభుత్వం మీద కుట్ర పన్నారన్న ఆరోపణతో 1974లో సికింద్రాబాద్ కుట్రకేసు వచ్చింది. కవులూ రచయితలూ ముద్దాయిలయ్యారు. కేసు 1989 దాకా నడిచి చివరికి వీగిపోయింది. ముద్దాయిల్లో ఒకడైన కవి చెరబండరాజు ఆ తీర్పు వినలేదు, 1982లోనే కన్నుమూశాడు. వరవరరావు జైల్లో ఉన్న కాలంలో పత్రిక బరువు ఆయన సహచరి హేమలత మీద పడింది. సంపాదకురాలిగా తన పేరు వేసుకున్నారు, కేసులూ ఎదుర్కొన్నారు. భర్త జైలు, పిల్లల బడి, అచ్చాఫీసు, ప్రూఫులు, చందాలు, కోర్టు వాయిదాలు. సృజన గురించి మాట్లాడేవాళ్లు ముందుగా ఆమె పేరు చెప్పాలని నా కోరిక.

ఇక వరంగల్ ఊరి సంగతి. 1985 సెప్టెంబర్ 3న పిల్లల వైద్యుడు, పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథాన్ని వరంగల్‌లోని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1991 డిసెంబర్‌లో పౌరహక్కుల న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి కూడా ఇదే ఊళ్లో హతుడయ్యాడు. పత్రిక చదివేవాళ్లు, రాసేవాళ్లు, బెయిలు కోసం నిలబడేవాళ్లు, అందరూ ఆ భయం నీడలోనే బతికారు. 1992 మే నెలలో నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ మీద, దాని అనుబంధ సంఘాల మీద ప్రభుత్వం నిషేధం పెట్టింది. సృజన ఆగిందీ ఆ ఏడాదే. అప్పటికి పాతికేళ్లు దాటాయి.

అంతకు ముందు ఏడాదే భారతి కూడా ఆగిపోయింది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పెట్టిన పత్రిక అది. దాని వెనక ఆంధ్రపత్రిక అనే సంస్థ ఉండేది. సృజనకు అలాంటి అండ లేదు. కొద్దిమంది స్నేహితులు, ఒక లెక్చరర్ ఇల్లు, అంతే. అందుకే దీని అంతం నన్ను ఎక్కువ కలచివేస్తుంది. చేతులారా పెంచినదాన్ని చేతులారా ఆపడం అంటే, వచ్చే నెలకని దాచి ఉంచిన కవితలకు, ఎవరో కుర్రవాడు ఆశతో పంపిన మొదటి కథకు, ఇక చోటు లేదని చెప్పడమే. పాతికేళ్లుగా రాసేవాళ్లను చేరదీసినవాళ్లు ఆ మాట అనడానికి ఎంత నలిగి ఉంటారో!

పత్రిక ఆగింది గనక అది ఓడిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కవిత అచ్చువేస్తే కేసు, సంపాదకుడైతే జైలు అనే కాలంలో ఒక చిన్న పత్రిక పాతికేళ్లు నిలిచింది. ఓడింది అంతకాలం దాన్ని నిలువనీయకుండా చేయాలని చూసిన పాలన. నష్టపోయింది మాత్రం వరంగల్.