డెక్కనోలెస్టిస్

డెక్కనోలెస్టిస్ అంతరించిపోయిన ఒక బుల్లి క్షీరదం. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం, క్రెటేషియస్ యుగం చివర, డైనోసార్ల కాలంలోనే దక్కన్‌లో బతికింది. పేరులోని ‘లెస్టిస్’కు గ్రీకులో దొంగ అని అర్థం. ఈ దక్కను దొంగ అరచేతిలో ఇమిడేంత ప్రాణి. పూర్తి అస్థిపంజరం ఇంతవరకూ దొరకలేదు. దీని గురించి తెలిసిందంతా ఆవగింజంత పళ్ళూ, కొన్ని చిన్న ఎముకలూ చెప్పిందే.

ఆ కాలంలో దక్కన్ పీఠభూమి మీద పారిన లావా ఒక్కసారిగా వచ్చి ఆగిపోలేదు. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య ఏళ్ళ తరబడి విరామం ఉండేది. ఆ విరామాల్లో చెరువులు నిండేవి, అడుగున ఒండ్రు చేరేది. తర్వాతి లావా వచ్చి దాన్ని కప్పేసేది. నల్లరాతి మధ్య చిక్కిన అలాంటి పొర ఒకటి ఇప్పటి వికారాబాద్ జిల్లా నస్కల్ దగ్గర బయటపడింది. అక్కడి మట్టిని నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెళ్ళలో కడిగి, మిగిలిన నలుసుల్ని ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరారు. మన ఇళ్ళలో బియ్యంలో రాళ్ళేరడం ఎంత ఓపిక పనో తెలిసినవారికి దీని కష్టం వేరే చెప్పనక్కర్లేదు.

శిలాజ శాస్త్రవేత్తలు గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ‘నేచర్’ పత్రికలో ఈ జీవిని ప్రకటించారు. భారతదేశంలో దొరికిన తొలి క్రెటేషియస్ క్షీరదం ఇదే. అంతకంటే పాతవైన జురాసిక్ క్షీరదాల పళ్ళు ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల్లో అప్పటికే దొరికాయి. మొదటి జాతికి పెట్టిన ‘హిస్లోపి’ అన్న పేరు స్టీఫెన్ హిస్లాప్‌ది. 19వ శతాబ్దంలో నాగపూర్‌లో ఉంటూ శిలాజాలు సేకరించిన స్కాట్లాండ్ మతప్రచారకుడాయన. 1863లో వాగు దాటుతూ మునిగిపోయాడు.

పళ్ళ మీదే ఇంతగా ఆధారపడడం ఎందుకంటే, ఒంట్లో పంటి మీది పింగాణీని (ఎనామెల్) మించిన గట్టి పదార్థం లేదు. పైగా క్షీరదాల దవడపళ్ళ మీది గుబ్బల అమరిక ఒక్కో వంశానికి ఒక్కోలా ఉంటుంది. 1994లో ప్రసాద్, మార్క్ గోదినో వర్ణించిన మడమ ఎముకలు మరో సంగతి బయటపెట్టాయి. పాదం మెలితిరిగే తీరును బట్టి ఇది చెట్లెక్కే జీవి అని తేలింది. దీంతో వానరాల మూలాలకు దీన్ని ముడిపెట్టే వాదనా వచ్చింది. కానీ 2011లో అంజలి గోస్వామి బృందం చేసిన విశ్లేషణ అంత దూరం పోలేదు. మావి ఉన్న క్షీరదాల వృక్షంలో మొదట్లో చీలిన కొమ్మగానే దీన్ని నిలబెట్టింది. ఆ లెక్కే నిదానమైనదిగా కనిపిస్తుంది.

అసలు చిక్కు భౌగోళికమైనది. సుమారు 9 కోట్ల ఏళ్ళ క్రితం మడగాస్కర్ నుంచి విడిపోయిన భారత్, అప్పట్లో సముద్రంలో ఉత్తరానికి జరుగుతున్న భూఖండం. డెక్కనోలెస్టిస్‌కు దగ్గరి పోలికలున్న జీవులేమో తర్వాతి కాలపు ఐరోపా, ఆఫ్రికా శిలల్లో కనిపిస్తాయి. ఈ వంశపు జీవులు ఇక్కడ పుట్టి అటు పోయాయా, అటునుంచి వచ్చాయా అన్న తగువు తెగలేదు. దక్షిణ ఖండాలతో సంబంధాన్ని చూపే మరో పన్ను నస్కల్‌లోనే దొరికి 1997లో వెలుగులోకి వచ్చింది. అది దక్షిణ అమెరికా, మడగాస్కర్‌లలో ఉన్న గోండ్వానాథెరియా వంశానిది. ఈ జీవికి 2007లో రెండు బృందాలు రెండు పేర్లు పెట్టాయి: భారత్‌థీరియం, దక్షిణ. ముందు అచ్చైన భారత్‌థీరియమే నిలిచింది.