బొగ్గునుండి నీటికి: ఉదజని బండి కథ

మందమర్రి గనులనుండి బొగ్గు పైకి వచ్చుట మనకు నిత్యదృశ్యము. అట్టి బొగ్గునుండి ఉదజనిని తీసిన కర్మాగార మొకటి మన చేరువనే ఉండెడిదని నేటి విద్యార్థులలో పలువు రెరుగరు.

రామగుండము ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించినది. అచ్చట బొగ్గుపొడిని ఆమ్లజనితోను, నీటియావిరితోను మిక్కిలి వేడిలో వాయువుగా మార్చెడివారు. అందలి ఉదజనిని గాలిలోని నత్రజనితో చేర్చి అమ్మోనియాను, దానినుండి యూరియాను చేసెడివారు. నష్టములపాలై అది 1999లో మూతపడినది. ఎన్నో కుటుంబముల బ్రతుకుదెరువు పోయినది. 2022లో జాతికి అంకితమైన క్రొత్త కర్మాగారమునకు ముడిపదార్థము సహజవాయువు, బొగ్గు కాదు.

ఉదజనితో బండి నడపవలెనన్న తలంపు ఇంతకంటె చాల పాతది. 1807లో ద రివాజ్ అను నాతడు ఉదజనిని విద్యుత్కణముతో అంటించి బండి నడిపెను. 1839లో గ్రోవ్ పండితుడు ఉదజని, ఆమ్లజనుల కలయికవలన విద్యుత్తు పుట్టించెను. ఇదియే ఇంధనఘటము. గాలిమరల విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని నిలువచేయవచ్చునని 1923లో హాల్డేన్ చెప్పెను. ఈయనయే పిమ్మట మన దేశమునకు వచ్చి 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. 1966లో అమెరికాలో ఇంధనఘటపు వ్యాను తయారైనది. కాని తొట్లు, గొట్టములు నిండి, ఇద్దరు కూర్చుండుటకే చోటు మిగిలినది!

చిక్కంతయు నిలువలోనే ఉన్నది. కిలో ఉదజని మామూలు పీడనమున 11, 12 ఘనమీటర్ల చోటు ఆక్రమించును. కనుక నింపుడు కేంద్రములలో దానిని వాయుమండల పీడనమునకు 350 మొదలు 700 రెట్ల వరకు నొక్కి బండిలోనికి ఎక్కింతురు. కిలో ఉదజనిని నీటినుండి తీయుటకు సుమారు 9 లీటర్ల నీరు, 50కి పైగా యూనిట్ల విద్యుత్తు కావలెను. వాయువులో నిలుచునది 33 యూనిట్లే. చక్రములకు చేరునది అందులో సుమారు సగము. అందుచే చిన్న కార్లకు బ్యాటరీయే మేలు. దూరము పోవు బరువు లారీలకు ఉదజని తగునేమో చూడవలెను.

మన ప్రాంతమున సూర్యరశ్మికి కొదువలేదు. రామగుండము జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రము 2022నుండి పనిచేయుచున్నది. హరిత ఉదజనికై 2025 జనవరిలో విశాఖ చేరువ పూడిమడకలో ఒక పెద్ద పథకమునకు శంకుస్థాపన జరిగినది. అట్టిది మనకును కావలెనని యువకులు కోరుట సహజమే. అయితే 1999ని మరువరాదు. యంత్రము నడచిన చాలదు. దాని ఖర్చు గిట్టవలెను, దానిని నడుపు విద్య మన పిల్లలకు ముందే అందవలెను. గని తరిగిన నాడు నేర్చుకొందమన్న, ఆలస్యమగును.