వలస వచ్చిన నేర్పు: కొండపల్లి చెప్పేది ఎంత?

పనిమంతులు వలస వస్తే ఆ ప్రాంతపు ఉత్పత్తి బలపడుతుందా? మైలవరానికి చేరువలోని కొండపల్లి బొమ్మల పరిశ్రమ ఈ ప్రశ్నను పరిశీలించడానికి అనువైన ఉదాహరణ.

బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు 16వ శతాబ్దంలో రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు. మూలపురుషుడు ముక్తరుషి అనీ, ఆయనకు శివుడే ఈ విద్య ప్రసాదించాడనీ వారి నమ్మిక. ఇది తరతరాలుగా చెప్పుకుంటున్న మాట కనుక ఆ కాలాన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

అంతకన్నా గట్టి ఆధారం పనిలోనే ఉంది. తేలికైన తెల్ల పొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెడతారు. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగుతో పాటు ఎడ్లబండి, తాడిచెట్టూ తయారవుతాయి. సంక్రాంతి బొమ్మల కొలువు వీటికి ఏటేటా గిరాకీ తెచ్చింది. నేర్పు ఎక్కడిదైనా, ఇక్కడి కర్రతో, ఇక్కడి కొనుగోలుదారులతో ముడిపడ్డాకే అది నిలిచిందని అనుకోవచ్చు.

నిలవడం వేరు, విస్తరించడం వేరు. విస్తరణకు ఉదాహరణ జర్మన్ రాజ్యమైన ప్రష్యా. 1685లో ఫ్రాన్స్ మతస్వేచ్ఛను రద్దు చేయడంతో హ్యూగెనోలు అనే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు కొందరు అక్కడికి తరలారు. వారు ఎక్కువగా స్థిరపడిన పట్టణాల్లో 1802 నాటికి జౌళి కార్ఖానాల ఉత్పాదకత ఎక్కువగా ఉందని ఎరిక్ హోర్నుంగ్ 2014లో ప్రచురించిన అధ్యయనం చూపింది. పనిమంతులు సహజంగా బాగున్న ఊళ్లకే వెళ్తారు కదా అన్న సందేహం ఉంటుంది. అందుకే ఆయన అంతకుముందు ముప్పయ్యేళ్ల యుద్ధంలో జనం తగ్గిపోయి, ఆ లోటు పూడ్చడానికి వలసదారులను పంపిన పట్టణాలను ఆధారంగా చేసుకుని లెక్క సరిచూశారు. ఒక్క ఊరి ఉదాహరణకు అలాంటి పరీక్ష పెట్టలేం.

పైగా ప్రష్యాలో నేర్పు కార్ఖానాల్లోకి వెళ్లింది. కొండపల్లిలో ఎక్కువగా ఇళ్లలోనే, తండ్రి నుంచి కొడుక్కి అందింది. ఈ బొమ్మలకు దక్కిన భౌగోళిక గుర్తింపు (జీఐ) వాటి పేరును కాపాడుతుంది కానీ పొణికి చెట్లను పెంచదు, కొత్తవాళ్లకు పని నేర్పదు. జగ్గయ్యపేట వైపు మరో దారి కనిపిస్తుంది. అక్కడ సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలను రప్పించింది, వాటి వెంట పని తెలిసినవాళ్లూ చేరారు.

కనుక నిపుణుల వలస పరిశ్రమకు నాంది కావచ్చు, దాని పరిమాణాన్ని మాత్రం అదొక్కటే నిర్ణయించదు. ఎందరు వచ్చారన్న లెక్కతో పాటు, వారి దగ్గర బయటి కుటుంబాలవారు ఎందరు పని నేర్చారన్నదీ లెక్కించాలి.