చెరకు పిప్పితో కరెంట్.. బోధన్ ఫ్యాక్టరీ మళ్లీ తెరిస్తే బాయిలరే ఎందుకు కీలకం?

నిజామాబాద్ జిల్లా బోధన్‌లోని శక్కర్‌నగర్.. ఒకప్పుడు సీజన్ వచ్చిందంటే చెరకు బండ్లతో కిటకిటలాడేది. 1937లో నిజాం కాలంలో ఏర్పాటైన ఈ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ ప్రకటించాక మిషన్లు ఆగిపోయాయి. దీన్ని మళ్లీ తెరిపించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది.

అయితే తెరవడం ఒక్కటే సరిపోదు. ఏ బాయిలర్‌తో తెరుస్తారన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే ఈ రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ అంటే కరెంట్ ప్లాంట్ కూడా!

పిప్పి నుంచి కరెంట్ ఎలా వస్తుంది?

టన్ను చెరకు గానుగ ఆడితే దాదాపు 300 కిలోల పిప్పి మిగులుతుంది. అందులో సగం తేమే ఉంటుంది. ఈ పిప్పిని బాయిలర్‌లో మండించి ఆవిరి తయారు చేస్తారు. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పితే కరెంట్ పుడుతుంది. టర్బైన్ దాటి వచ్చిన ఆవిరితోనే చెరకు రసం మరిగిస్తారు. అంటే ఒకే మంటతో రెండు పనులు అన్నమాట. దీన్నే కో-జనరేషన్ అంటారు. కామారెడ్డి జిల్లాలోని గాయత్రి షుగర్స్ ఇలాగే చక్కెరతో పాటు కరెంట్ కూడా తయారు చేస్తోంది.

పాత బాయిలర్‌కు, కొత్తదానికి తేడా ఏంటి?

తేడా అంతా ఆవిరి పీడనంలోనే ఉంది. పాత ఫ్యాక్టరీల్లో పీడనం 20 బార్‌కు అటూ ఇటూగా ఉండేది. పిప్పి దాదాపు అంతా మండించినా ఫ్యాక్టరీ సొంత అవసరాలకే సరిపోయేది. ఇప్పుడు 67, 87 బార్ బాయిలర్లు వచ్చాయి. వీటితో అదే పిప్పి నుంచి సొంత వాడకం పోను టన్ను చెరకుకు 100 యూనిట్ల వరకు గ్రిడ్‌కు అమ్ముకోవచ్చు.

ఉదాహరణకు రోజుకు 3,500 టన్నుల చెరకు ఆడే ఫ్యాక్టరీని తీసుకుందాం. రోజుకు 3.5 లక్షల యూనిట్లు మిగులుతాయి. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లయితే దాదాపు 50 వేల ఇళ్లకు సరిపోయే కరెంట్ ఇది.

ఆదా చేస్తేనే మిగులు

ఫ్యాక్టరీ లోపల ఆవిరి వృథా అయితే అమ్మడానికి ఏమీ మిగలదు. అందుకే మిల్లులను ఆవిరితో కాకుండా ఎలక్ట్రిక్ మోటార్లతో నడుపుతారు. లోడ్‌ను బట్టి మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్‌లు పెడతారు. రసం నుంచి వచ్చే ఆవిరిని ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు పంపి మళ్లీ మళ్లీ వాడతారు.

పిప్పి కాల్చినా పొగే కదా?

నిజమే, పొగ వస్తుంది. కానీ ఆ కార్బన్‌ను చెరకు పెరిగేటప్పుడు గాలి నుంచే తీసుకుంది. కోత తర్వాత పెరిగే పంట మళ్లీ అంత పీల్చుకుంటుంది. భూమిలోంచి తవ్విన బొగ్గుకు ఆ వెసులుబాటు లేదు. దేశంలో గ్రిడ్ కరెంట్ యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన పై ఉదాహరణలో రోజుకు సుమారు 245 టన్నులు తగ్గినట్టే. బూడిద గాల్లో కలవకుండా చిమ్నీకి ముందు ఫిల్టర్లు మాత్రం తప్పనిసరి.

అసలు చిక్కు ఇక్కడే

క్రషింగ్ ఏడాదంతా సాగదు. శీతాకాలంలో మొదలై కొన్ని నెలలకే ముగుస్తుంది. పిప్పి నిల్వ చేసుకోకపోతే తర్వాత టర్బైన్ ఆగాల్సిందే. ఇంకోటి.. చెరకే లేకపోతే పిప్పి ఎక్కడిది? ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ ప్రాంత రైతులు వరి వైపు మళ్లారు. వాళ్లు తిరిగి చెరకు వేయాలంటే డబ్బు టైమ్‌కు వస్తుందన్న నమ్మకం కావాలి.

చెరకు, పిప్పి, మొలాసిస్, మడ్డి.. అన్నీ రైతు పండించినవే. చక్కెరతో పాటు ఈ ఉప ఉత్పత్తుల విలువ కూడా లెక్కగట్టి అందులో 70 శాతం రైతుకు దక్కాలని రంగరాజన్ కమిటీ 2012లోనే సిఫార్సు చేసింది. బోధన్‌లో మళ్లీ బాయిలర్ వెలిగితే కరెంట్ గ్రిడ్‌కు వెళ్తుంది సరే.. ఆ ఆదాయంలో రైతు వాటా ఎంతో ముందే తేలాలి. అది తేలితేనే పొలాల్లోకి చెరకు తిరిగొస్తుంది.